గడప బయటి బూట్లు

మా చిన్నప్పుడు ఎవరి చెప్పులైనా గడప బయటే... మా చెల్లె చిన్ని బూట్లు మాత్రం లోపల ఉండాలి. గొడవంతా అక్కడే.

చిన్ని ఎడమ పాదం లోపలికి తిరిగి పుట్టింది. నల్లగొండ దవాఖానలో వారం వారం పిండికట్టు మార్చి, పాదాన్ని తిన్నగా చేశారు. తర్వాత ఇచ్చినవే ఆ బూట్లు... రెండింటినీ కలుపుతూ మధ్యలో ఒక ఇనుప పట్టీ. మూడు నెలలు స్నానానికి తప్ప తీయొద్దని, తీస్తే పాదం మళ్లీ వంకరపోతుందని డాక్టరు మరీ మరీ చెప్పారు.

అమ్మ పొద్దున్నే వాటిని బిగించి, చిట్యాల దగ్గర పత్తి మిల్లుకు పనికి పోయేది. చిన్నిని అవ్వ చూసుకునేది.

అవ్వకు ఆ బూట్లంటే గిట్టదు. అన్నం తినే చోట, దేవుడి పటాల ముందు బూట్లా? నేను నాలుగో తరగతి. బడి నుంచి వచ్చేసరికి అవి మా చెప్పుల పక్కన, గడప బయట ఉండేవి. చిన్ని ఒట్టి కాళ్లతో నవ్వుతూ...

"మీ అమ్మకు చెప్పకు బిడ్డా. పసిదాని కాళ్లు జరసేపు ఆడనియ్యి" అనేది అవ్వ. అమ్మ వచ్చే వేళకు మళ్లీ తొడిగేది.

నేను చెప్పలేదు. స్కూల్లో పాఠాలు చెప్పే సిస్టర్ల ముందే నోరు విప్పని దాన్ని... పుస్తకం తెరిచి, ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివేదాన్ని.

రెండో నెల డాక్టరు పాదం పట్టుకుని చాలాసేపు చూశారు. లోపలికి తిరుగుతోంది. బూట్లు ఎవరు తీస్తున్నారని అడిగారు.

"ఎవ్వరు తియ్యరు సార్. నేనే కట్టి పోతున్న. వచ్చేసరికి ఎట్ల కట్టినవి గట్లనే ఉంటున్నయి" అంది అమ్మ, ఎంతో నమ్మకంగా.

నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ మాట్లాడలేదు.

మళ్లీ పిండికట్లు... ఐదు వారాలు. చిన్ని ఏడుపుకు దవాఖాన వరండాలో కూర్చున్న అవ్వ చెవులు మూసుకుంది. చివరి కట్టు విప్పిన రోజు ఆ బూట్లను కడిగి, పసుపు బొట్లు పెట్టి, తనే గడప లోపలికి తెచ్చింది.

"గివి చెప్పులు కావు. మందు" అంది.

ఆ మాటేదో ముందే తోచి ఉంటే...

ఇప్పుడు చిన్ని బాగానే నడుస్తుంది. పరిగెత్తి అలసిపోతే మాత్రం ఎడమ పాదం కాస్త లోపలికి పడుతుంది. "ఆ బూట్లే సక్కగ చెయ్యలే" అంటుంది అమ్మ ఇప్పటికీ. అవ్వ లేదు. నేను పుస్తకంలోకి తల దించుకుంటాను.

మొన్న చలికి బండలు జిల్లుమంటున్నాయని అందరికీ ఇంట్లో వేసుకునే చెప్పులు కొన్నాం. అమ్మ వాటితోనే వంటింట్లోకి పోతుంది, దేవుడి పటాల ముందు నుంచే తిరుగుతుంది. ఎవరూ ఏమీ అనరు. గడప అదే... ఆ పట్టింపే ఎటు పోయిందో.

మీ ఇంట్లోనూ తప్పని తెలిసి మీరు నోరు విప్పలేకపోయిన పట్టింపు ఏదైనా ఉందా? రాయండి, చదువుతాను... ముందు అమ్మకు ఆ బూట్ల సంగతి చెప్పి వస్తాను.