బాపు పాడె ముందర ఎగిరిన నాడు

పోయిన నెల నిజామాబాదులో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్లి అయింది. ఈమధ్య అందరూ చేస్తున్నట్టే పెళ్లికి ముందురోజు సంగీత్ అని పెట్టుకొని, డ్యాన్సులు నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక మాస్టరును పిలిపించారు. అతను మంచివాడే, ఓపిక కలవాడే, కానీ మా వయసు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి వరసగా కుర్చీలు వేయించి, అమ్మమ్మలు కూర్చొని చేతులు ఊపితే చాలన్నాడు. పక్కనున్న మా తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతూ, "ఈ వయసుల మనకెందుకక్కా గీ ఎగురుడు" అంది. నేను లేచాను. లేచి, ఆ పాట అయిపోయేదాకా, అతను నేర్పినట్టు కాకుండా నాకు తెలిసినట్టు ఆడాను. తర్వాత మోకాళ్లు పట్టేసి కోడలితో నూనె రాయించుకున్న మాట నిజమే కానీ, ఆ నొప్పితో పడుకున్నప్పుడు ఆ "ఎగురుడు" అన్న మాట నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. నా ఈడువాళ్లకు ఆ మాట ఎంత బరువైనదో తెలుసు కాబట్టి ఇది మీతోనే చెప్పుకుంటున్నాను.

మా వైపు బతుకమ్మ ఆడతాం, కోలాటం వేస్తాం. ఆ రెండూ గౌరవమైన మాటలే, వాటికి ఎవరూ అడ్డం చెప్పరు. నాట్యమంటే స్టేజీ మీద ఎవరో చేసేది, మనం చూసేది. ఇక మిగిలింది ఎగురుడు. డప్పు వినిపించగానే కాలు ఆగకపోవడం, వరస లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా ఆడేయడం. ఆ మాటలో ఎప్పుడూ కొంచెం వెక్కిరింత ఉండేది. ఆడది ఎగిరిందంటే వెక్కిరింత దాటి తిట్టే అయ్యేది.

మా పుట్టిల్లు ముప్కాల్ దగ్గర ఒక చిన్న ఊరు. వరి, పసుపు పండించుకొనే ఇల్లు, నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుచుకొనే ఇల్లు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా బాపు నెత్తి నుంచి పాదాల దాకా పచ్చగా కనిపించేవాడు, ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లో ఆ రంగు పోయేది కాదు. మాట చాలా తక్కువ. అంగట్లో బేరం చేయాలన్నా మా అవ్వనే ముందుకు తోసి తాను వెనక నిలబడేవాడు. అటువంటి మనిషి డప్పు చప్పుడు చెవిన పడితే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి బయలుదేరేవాడు. పెళ్లి ఊరేగింపు, పోచమ్మ బోనాలు, పీర్ల పండుగ, ఏదైనా సరే. పీర్ల పండుగ నాడు నిప్పులగుండం చుట్టూ ఊరి మగవాళ్లంతా ఆడుతుంటే అందరిలో ముందు మా బాపే ఉండేవాడు. అదీ చుక్క ముట్టకుండా. మా అవ్వకు అదే పెద్ద బాధ. "తాగి ఎగిరేటోళ్లకు తాగిన్నమని ఒక సాకన్న ఉంటది, ఈయనకు గది గూడ లేకపాయె" అని తలకొట్టుకొనేది.

చిన్నప్పుడు ఆయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని ఆడేవాడు, కొంచెం పెద్దయ్యాక పక్కన దించి ఆడేవాడు. నేర్పడమంటూ ఏమీ లేదు. ఎలా ఆడాలని అడిగితే, "సప్పుడు ఇను బిడ్డా, కాలు అదే పోతది" అనేవాడు. డప్పు కొట్టేవాళ్లలో పెద్దాయన ఊరి వరసకు నాకు మామ అవుతాడు, ఆయన నన్ను చూస్తే చాలు, డప్పు నా చెవి దగ్గరికి వంచి మరీ కొట్టేవాడు. ఆ దెబ్బ చెవిలో కాదు, కడుపులో వినపడేది. ఈ లోకంలో నాకు తెలిసిన మొట్టమొదటి సంతోషం అదేననుకుంటాను.

నేను పెద్దమనిషినైన ఏడాది మా వాడలోనే ఒక పెళ్లి ఊరేగింపు వచ్చింది. ఎప్పటిలాగే పరుగెత్తి బాపు పక్కన నిలబడి కాలు ఎత్తానో లేదో, అవ్వ జబ్బ పట్టుకొని ఇంట్లోకి ఈడ్చుకుపోయింది. బతుకమ్మ ఆడుకొమ్మంది, ఎవరొద్దన్నారంది, మొగోళ్ల నడుమ ఎగురుడేందని అడిగింది. బాపు వాకిట్లో నిలబడి చూశాడు కానీ ఒక్క మాట అనలేదు. చాలాకాలం నాకు అవ్వ మీదకంటే ఆయన మీదే ఎక్కువ కోపం ఉండేది.

ఒకసారి అలా ఆగాక ఇక ఎవరూ ఆపనక్కరలేకపోయింది. నిజామాబాదులో హాస్టల్లో ఉండి చదువుకొనేటప్పుడు తోటి పిల్లలు రేడియో పెట్టుకొని గదిలో ఆడుతుంటే నేను పుస్తకం పట్టుకొని వరండాలోకి పోయేదాన్ని. చేతులు కట్టుకొని నడవడం, పాట వస్తే పాదాన్ని చీర కిందికి లాక్కోవడం, నలుగురిలో చప్పట్లు కూడా గట్టిగా కొట్టకపోవడం, ఇవన్నీ నాకు మర్యాదలుగా కుదిరిపోయాయి. టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. అత్తగారిది కోటగిరి. మా ఆయన బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేసేవారు. ఊరంతా బెల్లపు పాకం మాడినట్టు ఒక వాసన, సీజనులో రోడ్డు పొడుగునా చెరకు బండ్లు, వాటి వెనక గడలు లాక్కుంటూ పరుగెత్తే పిల్లలు, అదంతా మీలో చాలామందికి తెలిసిందే. నేను పని చేసిన బడి కాలువ కింది పల్లెలో ఉండేది. కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కొని స్థిరపడ్డ రైతుల పిల్లలూ, మా వైపు పిల్లలూ కలిసే చదువుకొనేవారు. వార్షికోత్సవానికి డ్యాన్సులు నేర్పే పని వస్తే నేను తలనొప్పనో ఒంట్లో బాగాలేదనో చెప్పి వేరే టీచరుకు అప్పగించేదాన్ని.

అలా ఉండగా ఒక ఎండాకాలం పొద్దున బాపు పోయాడని కబురు వచ్చింది. పొలానికి పోయి వచ్చి, మంచినీళ్లు అడిగి, అవి తెచ్చేలోపలే పోయాడట. నేనూ మా ఆయనా బస్సులు మారి ఊరు చేరేసరికి వాకిట్లో పాడె కట్టి ఉంది. తమ్ముడు తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకొని నిలబడ్డాడు. డప్పులు వచ్చాయి. చిన్నప్పుడు నా చెవి దగ్గర డప్పు వంచి కొట్టిన మామ అప్పటికి బాగా ముసలివాడయ్యాడు, అయినా కొడుకులతో పాటు తానూ డప్పు మెడలో వేసుకొని వచ్చాడు.

మా వైపు చావుకు డప్పు ఉంటుంది, డప్పు ముందర మగవాళ్లు ఆడుతూ నడుస్తారు. ఊళ్లో ఎవరు పోయినా ఆ చోటు మా బాపుదే. తెల్లటి ధోతి ఎగ్గట్టి, ముఖంలో నవ్వు లేకుండా, పోయినవాళ్లతో ఏదో చెబుతున్నట్టు ఆడేవాడు. ఆనాడు పాడె లేచింది, డప్పు మోగింది, ముందర మాత్రం ఎవరూ లేరు. ఆయనతో ఆడినవాళ్లలో కొందరు పోయారు, కొందరు కర్ర పట్టుకొని అరుగుల మీద కూర్చున్నారు, పడుచువాళ్లకు సిగ్గో, చదువుకున్నామన్న పట్టింపో, పక్కపక్కకు జరిగి నడుస్తున్నారు. డప్పులకూ పాడెకూ ముందు ఆ బాట అట్లా బోసిగా ఉంది. నేను ఆడవాళ్లతో వెనక నడుస్తూ ఆ బోసి బాటనే చూస్తున్నాను. అప్పటిదాకా కళ్లలోంచి నీళ్లు రాలేదు నాకు. ఊరందరి చావుకూ ఆడిన మనిషి చావుకు ఆడే దిక్కు లేదా అనిపించింది.

ఎప్పుడు ముందుకు వచ్చానో తెలియదు. కొంగు నడుముకు దోపుకున్నది మాత్రం గుర్తుంది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి, ఎండకు బాట కాలుతోంది. మామ నన్ను చూసి ఒక్క క్షణం డప్పు పుల్ల ఆపి, తర్వాత మళ్లీ అందుకున్నాడు. కాలు దానంతటదే పోయింది. పదిహేనేళ్లకు పైగా చీర కింద దాచుకున్న పాదాలు ఏదీ మరిచిపోలేదు.

జనం నిలబడిపోయారు. బాపుకు అన్న అయిన మా పెదబాపు ఉరికివచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీకు బుద్ధి, ఇగురం ఉన్నదా లేదా? టీచరమ్మవై ఉండి, ఆడిదానివై ఉండి, ఊరు ఊరంతా సూస్తున్నది."

"మొగోళ్లు ఎవలన్న ఒక్కలు ఆడుండ్రి పెదబాపూ, నేను ఆగుత" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ కదలలేదు. అయినా ఆయన నా చెయ్యి వదల్లేదు. అప్పుడు వెనక నుంచి మా అవ్వ వచ్చింది. ఇద్దరు పట్టుకుంటే తప్ప నడవలేకుండా ఉన్న మనిషి, వాళ్లను విదిలించుకొని వచ్చి, ఎప్పుడూ బావగారి ముందు కొంగు తల మీద నుంచి తీయని మనిషి, ఆయన మణికట్టు పట్టుకొని నా చెయ్యి మీద నుంచి తీసేసింది.

"ఇడువుండ్రి. ఆడనియ్యిండ్రి" అంది.

అంతే. నేను ఆడాను. ఆడుతూ ఆడుతూ ఉండగా ఏడుపు వచ్చింది. ఏడుస్తూ ఆడాను. ఊరి చివర పాడె దించే చోటికి వచ్చాక ఆడవాళ్లు అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. నేను తిరగలేదు. వాగు ఒడ్డున కాష్టం దాకా పోయాను. ఎవరూ ఏమీ అనలేదు, అనడానికి వాళ్ల దగ్గర మాటలు అప్పటికి ఇంకా తయారు కాలేదు.

తర్వాత తయారయ్యాయి. మేం బోధన్ చేరేలోపలే కోటగిరికి చేరాయి. మా ఇంటి కోడలు తాగి ఎగిరిందట అని మా అత్తగారు వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పుకొని ఏడ్చింది. మా ఆయన ఇంట్లో మాట మానేశారు. బడిలో కొందరు తల్లిదండ్రులు వచ్చి, ఇటువంటి టీచరమ్మ ఆడపిల్లలకు ఏం చెబుతుందని అడిగారట. మా హెడ్మాస్టరు గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం వారు, నెమ్మదస్తులు, నా మేలు కోరేవారు. తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టి చెప్పారు.

"మీ నాన్నగారి ఆఖరి కోరిక అని ఒక్క ముక్క చెప్పేయండమ్మా. ఇక ఎవరూ నోరెత్తరు. మిగతాది నేను సర్దిచెబుతాను."

ఆ ఉపాయం అంతకుముందే మా తమ్ముడు కూడా చెప్పాడు. ఎంత తేలికైన ఉపాయమో చూడండి. చచ్చిపోయిన మగవాడు అడిగాడంటే ఎగురుడు కూడా పుణ్యమైపోతుంది, కూతురు దేవతైపోతుంది. నేను ఒక నిమిషం ఆలోచించాను కూడా, అబద్ధమాడను. కానీ బాపు నన్ను ఏమీ అడగలేదు. ఆయన ఏనాడూ ఎవర్నీ ఏమీ అడిగిన మనిషి కాదు, తాను ఆడడానికి కూడా ఏ సాకూ వెతుక్కోలేదు.

"లేదు సార్. మా బాపు ఏం అడగలేదు. నాకు ఆడాలనిపించింది, ఆడిన" అన్నాను.

"ఇది అబద్ధం కాదమ్మా, లౌక్యం."

"లౌక్యమైతే ఇంకొక సంగతికి వాడుకుందాం సార్. ఈసారి వార్షికోత్సవం డ్యాన్సులు నాకియ్యిండ్రి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకొని సరేనన్నారు. కొందరు పిల్లల్ని పంపలేదు. పంపినవాళ్లతోనే బడి ఆవరణలో, కాంపౌండు గోడ మీది నుంచి జనం తొంగి చూస్తుంటే, నేను ముందు నిలబడి ఆడి చూపించాను. అడుగులు లెక్కపెట్టవద్దని, చప్పుడు వినమని చెప్పాను. ఆ పిల్లల్లో కోస్తా రైతుల అమ్మాయి ఒకతె మొదట గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని నిలబడేది. ఆమెను చూస్తే హాస్టలు వరండాలో నన్ను నేను చూసుకున్నట్టుండేది. నేను బలవంతపెట్టలేదు. ఒకనాడు తనంతట తానే వచ్చి వరసలో కలిసింది, ఇక ఆగలేదు.

అన్నీ చక్కబడ్డాయని చెప్పలేను. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ నన్ను ఆ ఒక్క విషయంలో క్షమించలేదు, నేనూ క్షమాపణ అడగలేదు. పండుగలకు పోయేదాన్ని, వండిపెట్టేదాన్ని, ఆమె కాళ్లు పట్టేదాన్ని, ఆ మాట మాత్రం మా ఇద్దరి మధ్య అట్లాగే ఉండిపోయింది. మా ఆయన చాలా రోజుల తర్వాత, అన్నం తింటూ తింటూ, నువ్వు ఆడుతుంటే నేను తల వంచుకున్నాను, ఎందుకు వంచుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు అన్నారు. అంతకంటే పెద్ద మాట ఆయన నుంచి నేను ఆశించలేదు.

ఇప్పుడు వినాయక నిమజ్జనానికి నిజామాబాదు బజార్లలో ఆడపిల్లలు డీజే ముందర జుట్టు చెదిరిపోయేలా ఎగురుతుంటే, ఏ పెదబాపూ వచ్చి చెయ్యి పట్టుకోడు. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. మా కాలమే బాగుండేదని నేను అనను, నా జబ్బ పట్టుకొని లోపలికి ఈడ్చుకుపోయిన కాలం అది. కానీ మా అవ్వ పోయినప్పుడు ఊళ్లో డప్పు కొట్టేవాళ్లు లేరు. మామ కొడుకులు ఎప్పుడో మరమగ్గాల పనికి భీవండి పోయి అక్కడే ఉండిపోయారు. ఒక వ్యాను వచ్చింది, అందులో ఏదో భజన దానంతటదే మోగుతోంది, మేమంతా ఎక్కి కూర్చోగానే డ్రైవరు తలుపు వేసి బయలుదేరాడు. ఆ వ్యాను ముందర ఎవరు ఆడగలరు, అది ఎవరి కోసం ఆగుతుంది? కిటికీలోంచి ఊరు వెనక్కి పోతుంటే నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఆపేవాళ్లు ఉంటే ఎదిరించేదాన్ని. ఆ రోజు నన్ను ఆపినవాళ్లు ఎవరూ లేరు, ఆడేందుకు చోటే లేదు. ఏడ్వడానికి కళ్లు మాత్రమే చాలవని చెబితే అర్థమయ్యే మనిషి, ఆ రోజు నా పక్కన కదలకుండా పడుకొని ఉంది.