చార్టులో పట్టని మాట

భద్రాచలం అడవి అంచున ఒకే టీచరున్న బడి నాది. స్థానిక విషయాలను పాఠంగా చెప్పాలని పైఅధికారులు అన్నారని, అడవి దుంపల గురించి చెప్పమని ఊళ్లో పెద్దావిడ ముత్తమ్మవ్వను బడికి పిలిచాను. ఆమె చెబుతుంటే చార్టు మీద రాశాను. "ఉడకబెట్టుకొని తినాలె" అనేసరికి చార్టు నిండిపోయింది.

"ఆగు సారూ, చేదు దుంప ముచ్చట ఇంకున్నది."

"జాగా లేదవ్వా, చాలు" అని ఆమెను పంపేశాను.

మర్నాడు పిల్లలు తెచ్చిన దుంపలను ఆ చార్టు ప్రకారం నేనే ఉడికించి పెట్టాను. అవ్వ మనవరాలు రాధ "చేదుగున్నది సారూ" అంది. "నాటకాలొద్దు, తిను" అన్నాను.

కాసేపటికే ఐదుగురికి వాంతులు మొదలయ్యాయి. ఆటోలో దవాఖానాకు పోతుంటే రాధ తల నా ఒడిలో వాలిపోయింది. దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను.

"పారే వాగుల దినాలకు దినాలు నానేస్తెనే ఆ చేదు దుంప విషం పోతది. చెప్పనియ్యకపోతివి గద సారూ!" అని దవాఖానాకు పరుగెత్తుకొచ్చిన అవ్వ గుండెలు బాదుకుంది.

పిల్లలందరూ బతికారు. ఇప్పుడు ఆ పాఠం అవ్వే చెబుతుంది. "ఐపోయింది సారూ" అని ఆమె అనేదాకా నేను నోరు తెరవను.