సూదికి జడిసే నర్సుతో గిద్దలూరు దాకా

ఉదయం ఏడుంబావుకు మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సెక్కాము, నేనూ మా అక్కా. అక్క గిద్దలూరులో ఒక ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. రోజూ ఎందరికో సూదులు వేస్తుంది. తనకు సూదంటే మాత్రం వణుకు. ఆ రోజు పన్నెండు లోపల ఫ్లూ టీకా వేయించుకోని నర్సులను పిల్లల వార్డులోకి రానిచ్చేది లేదన్నారు. రెండు వారాల కిందట అది విని సెలవు పెట్టి మా ఇంటికి పారిపోయి వచ్చింది. తిరిగి చేర్చే పని నామీద పడింది.

నాకు టికెట్టు ఎనభై అయిదు రూపాయలు. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అక్కకు జీరో టికెట్టు. అదే కొంప ముంచింది. కంభంలో బస్సు ఆగగానే సంచి తీసుకుని లేచింది.

"జీరో టికెట్టే కదరా, యాడ దిగితే ఏంది నష్టం?"

గ్రంథాలయంలో రెండు వారాలు కూర్చుని చదివిందంతా ఏకరువు పెట్టాను. ఈ సూదిమందులో బతికున్న వైరస్ ఉండదనీ, దానివల్ల ఫ్లూ రాదనీ, ఆరు నెలలు నిండని బిడ్డలకు ఈ టీకా వేయరు గనుక వాళ్లను ఎత్తుకునేవాళ్లే వేయించుకోవాలనీ.

"అవన్నీ పరీక్షలో రాసి పాసైనాలేరా," అంది.

పక్క సీటులోని అవ్వ అక్క కొంగు పట్టుకుంది. మొన్న పుట్టిన మునిమనవరాలిని చూడ్డానికి ఆమె అదే ఆసుపత్రికి పోతోంది.

"పోయినేడు టీకా గదిలో నాకు సూదేసిన అమ్మివి నువ్వే కదూ? ఏం కూర అవ్వా అని అడిగినావు. గోంగూర అనేలోపలే పొడిచినావు! కూసో. మా బిడ్డను ఎత్తుకునేది నువ్వే గదా."

అక్క కూర్చుంది. బస్సు కదిలింది. కిటికీలోంచి చెప్పిన నా ఇడ్లీలు కంభంలోనే ఉండిపోయాయి.

తొమ్మిదిన్నరకు గిద్దలూరు. బస్టాండు నుంచి ఆసుపత్రికి పది నిమిషాల నడక. అక్కకు రెండు గంటలు పైనే పట్టింది. రెండుసార్లు టీ తాగింది, తెగని చెప్పు కుట్టించింది. పన్నెండుకు పది నిమిషాలుండగా నేనూ అవ్వా కలిసి టీకా గదిలో కూర్చోబెట్టాము.

"ఏం కూర అక్కా?" అని అడిగింది, సూది పట్టుకున్న చిన్న నర్సు.

"ఆ ఎత్తు నీకు నేర్పిందే నేను!" అక్క చెయ్యి లాక్కుంది.

తలుపు దగ్గర నుంచి అవ్వ అంది: "గోంగూర పచ్చడిలో ఎల్లిపాయలెందుకు, దండగ!"

"అదేం మాట అవ్వా! ఎల్లిపాయ లేకుండా అది పచ్చడెట్ల అవుతాది?"

అక్క అటు తిరిగి వాదనకు దిగింది. కాసేపటికి ఊపిరి తీసుకుని, "వేస్తే వెయ్యి పిల్లా, ఎంతసేపు!" అంది. చిన్న నర్సు అప్పటికే సూది తీసేసి దూది అద్దుతోంది.

ఒంటిగంటన్నర బస్సుకు నేనొక్కడినే తిరుగుముఖం పట్టాను. ఈ దారిన ఎవరైనా నర్సును టీకాకు తీసుకుపోయేటట్టయితే, పుస్తకాలు చదివి పోవడం మంచిదే. అయితే పక్కన ఒక అవ్వ ఉండేటట్టు చూసుకోండి.

కంభంలో ఇడ్లీ నోట పెట్టుకోబోతుండగా అక్క ఫోను. చెయ్యి కాస్త నొప్పిగా ఉందట. వెనక నుంచి చెవులు చిల్లులు పడేటట్టు ఏడుపు.

"మునిమనవరాలిని ఎత్తుకున్నాలేరా," అంది అక్క. "నోరు అచ్చం అవ్వదే!"