ఆరు పెడల్స్, ఒక వైరు

నాకు గిటారు కంటే దానికి తగిలించే సామాన్ల మీద మోజెక్కువ. సిరిగేరి దగ్గర, వలసొచ్చిన తెలుగు రైతుల ఊరైన మా క్యాంపులో వరి కోతలయ్యాక మిగతా కుర్రాళ్లు బండి మారిస్తే నేను పెడల్ మార్చేవాణ్ణి. కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చే ఆ చిన్న ఇనప పెట్టెలు నా దగ్గర ఆరు చేరాయి. మంచి సౌండు కొనుక్కుంటే వస్తుందని గట్టిగా నమ్మేవాణ్ణి. మోక అనే ఊరి నుంచి ఒకతను వచ్చి మా బ్యాండులో చేరేదాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు.

అతనిది కోత మిషను నడిపే పని. గిటారు ఎవరో వాడి అమ్మేసినది, ఒక మూల పెచ్చు ఊడింది. పెడల్స్ లేవు. ఒక్క వైరు తీసి ఆంప్లిఫయరుకు గుచ్చి వాయించాడు. ఒకే స్వరాన్ని పట్టుకుని, తీగను వేలితో పైకి నెట్టి, ఏడిపించి వదిలాడు. ఆరు పెట్టెలూ నొక్కినా నాకు ఆ ఏడుపు ఎప్పుడూ రాలేదు.

"ఏ సెట్టింగది?" అన్నాను, ఏదో మాటవరసకు అడిగినట్టు.

"సెట్టింగేందప్పా! నాకొచ్చేది ఒకటే సౌండు. దాన్నే అట్లా ఇట్లా చేస్తాండా," అని నవ్వాడు. నా పెడల్స్ ముందు గొంతుక్కూర్చుని, "ఇవి శానా బాగుండాయప్పా. యాడ తెప్పిస్తివి?" అన్నాడు. వెటకారమైనా బాగుండేది. అతను నిజంగానే అడిగాడు.

ఆరోజు నుంచి కుళ్లిపోయాను. దానికి ఇంకో మాట లేదు. రిహార్సల్లో అతను తప్పు వాయిస్తే ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తినేవాణ్ణి. ఒకసారి అతని ఆంప్లిఫయరు మొహాన్ని గోడవైపు తిప్పి పెట్టాను కూడా. దీనికి తోడు మా డ్రమ్మరు, బ్యాండుకు పెద్ద అతనే, "లీడ్ గిటారు ఎవరనేది కంప్లి ప్రోగ్రాం అయినంక చెప్తానప్పా," అన్నాడు. నాలుగేళ్లుగా లీడ్ నాది. సోలోలు నావి, స్టేజి మధ్యలో చోటు నాది. అది పోతే ఆ ఆరు పెట్టెలతో నేనేం చేసుకోను?

కంప్లిలో రాజ్యోత్సవం, అంటే కన్నడ రాష్ట్రం ఏర్పడిన రోజు పండగ. మధ్యాహ్నం ఎండ. కన్నడ పాటలు మా రాక్ పద్ధతిలో వాయిస్తున్నాం. రెండో పాట అయ్యాక తీగలు సరిచేసుకుందామని ట్యూనర్ పెడల్ నొక్కాను. అది నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, గిటారు శబ్దం బయటికి పోదు. శ్రుతి చేసుకుని మళ్లీ నొక్కాలి. సరిగ్గా అప్పుడే మోక నుంచి వచ్చిన అతను మైకులో ఏదో అన్నాడు, ముందు వరసవాళ్లు పగలబడి నవ్వారు. ఏమన్నాడా అని నేను అటే చూస్తుండగా డ్రమ్మరు పాట ఎత్తుకున్నాడు.

పాట సగందాకా గిటార్లవాళ్లం ఇద్దరం ఒకటే వాయిస్తాం కాబట్టి నాకేమీ తేడా తెలియలేదు. తర్వాత నా సోలో. ముందుకొచ్చి కళ్లు మూసుకున్నాను. ఎదురుగా ఉన్న స్పీకరులోంచి వచ్చిన సౌండుకు ఒళ్లు జలదరించింది. అదే ఏడుపు, నా వేళ్ల కింద! పెట్టెలన్నీ కుదిరాయి చివరికి అనుకున్నాను. ఆ కాసేపూ అతని మీద కుళ్లు కూడా పోయింది. పాపం, మంచివాడే అనిపించింది.

చప్పట్లు మోగాయి. కళ్లు తెరిచి కిందకు చూస్తే ట్యూనర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఆ పాటలో నా గిటారు ఒక్క స్వరం కూడా పలకలేదు. వెనక్కి తిరిగాను. అతను జనానికి వీపు పెట్టి తన వాల్యూము తగ్గించుకుంటున్నాడు. నేను వినబడటం లేదని కనిపెట్టి, నా సోలోను పొల్లుపోకుండా తనే వాయించేశాడు. రిహార్సల్లో నేను అతని తప్పులు వెతుకుతుంటే అతను నా వాయింపు నేర్చుకున్నాడన్నమాట.

స్టేజి దిగగానే డ్రమ్మరు నా భుజం చరిచాడు. "ఏం వాయించినావప్పా! ఇన్ని దినాలు యాడ దాచిపెట్టింటివి ఆ సౌండు? ఇంక యోచనే లేదు, లీడ్ నువ్వే."

అతను పక్కనే వైరు చుట్టుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పేస్తాడనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను, హాయిగా అసహ్యించుకోవచ్చని.

"అవునప్పా, భలే వాయించినాడు," అన్నాడతను.

నేను నా ఆరు పెట్టెలూ సంచిలో సర్దుకున్నాను.

ఇప్పటికీ లీడ్ నాదే. ఆ పెడల్ ఆపడం మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు. అయినా ప్రతి సోలోకు ముందు అతను నా కాళ్ల వైపు ఒకసారి చూస్తాడు. లైటు ఆరి ఉంటే తలూపి వెనక్కి జరుగుతాడు. అతను తలూపాకే నేను మొదలుపెడతాను.