గోతాల బజారులో బెల్లం ఐస్‌క్రీం

2022వ సంవత్సరం మొదట్లో సంగతి. పల్నాడు కొత్త జిల్లా అవుతుందని, మా నరసరావుపేట జిల్లా కేంద్రమవుతుందని ప్రకటన వచ్చింది. మెయిన్ రోడ్డు వైపు ఖాళీ షాపు దొరకడమే గగనమైపోయిన రోజులు. దొరికినా, ఆ అద్దెలు మాలాంటివాళ్ళకు అందేవి కావు. నేను గుంటూరు వైపు ఒక డెయిరీ ప్లాంటులో, ఐస్‌క్రీం సెక్షన్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఆ ప్లాంటు మూతపడ్డాక సొంతంగా షాపు పెట్టుకుందామని పుట్టినూరికి వచ్చేశాను. నేనూ మా ఆయనా ఎండల్లో ఊరంతా తిరిగి, చివరికి గోతాల బజారులో ఆగాం. అక్కడ గది అద్దెకు అడిగేవాళ్ళు ఎవరూ లేరు, అదీ కారణం.

ఒకప్పుడు మిర్చికైనా, ధాన్యానికైనా, వేరుశెనక్కాయకైనా చుట్టుపక్కల రైతులు గోనెసంచులు కొనేది ఆ బజారులోనే. చిరిగిన సంచులకు మాసికలు వేసే ఆడవాళ్ళు అరుగుల మీద వరసగా కూర్చునేవాళ్ళు. ప్లాస్టిక్ సంచులు వచ్చాక ఒక్కో షాపూ షట్టరు దించుకుంది. మేం వెళ్ళేనాటికి ఆ షట్టర్ల ముందు చెత్తకుప్పలు, కాలవ కంపు, నీడకు పడుకున్న కుక్కలు తప్ప ఏమీ లేవు.

రోజూ తెరిచే షాపు ఒక్కటే ఉండేది. అది కోటేశ్వరరావు శెట్టిగారి గోతాల కొట్టు. ఆయన పొద్దున్నే వచ్చి తలుపు తీసి, పాత సంచుల కట్టల మీద దుమ్ము దులిపి, పేపరు చదువుకుని సాయంత్రం తాళం వేసుకుని పోయేవారు. బేరం ఉండేది కాదు. ఆ అరుగు చివరనే మస్తానమ్మ కూర్చునేది. ఒకప్పుడు ఆయన సంచులకు మాసికలు వేసిన మనిషి. అప్పటికి ఇళ్ళవాళ్ళకు బొంతలు కుట్టి ఇస్తుండేది. ఇద్దరూ రోజంతా పక్కపక్కనే ఉండేవాళ్ళు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు కాదు.

శెట్టిగారి పక్క గది కూడా ఆయనదే. అడిగితే నా మొహంలోకి జాలిగా చూశారు.

“ఇయ్యటానికేముందమ్మాయ్, ఇస్తా. కానీ ఈ బజారుకు ఎవరొస్తారని? ఇక్కడ కుక్కలు గూడా ఆకలేస్తే మెయిన్ రోడ్డుకే పోతయ్యి.”

బ్యాచ్ ఫ్రీజర్ బిగించుకున్నాం. పాలు, మీగడ, చక్కెర కలిపిన మిశ్రమాన్ని చిలుకుతూనే గడ్డకట్టించే మిషను అది. ఐస్‌క్రీం బాగా కుదిరింది. కానీ తిన్నవాళ్ళే తక్కువ. బండి మీద వచ్చి, బండి దిగకుండానే పార్సిలు కట్టించుకుని ముక్కు మూసుకుని పోయేవాళ్ళు. ఆడవాళ్ళయితే బజారు మొదట్లోనే ఆగి మొగుణ్ణి పంపేవాళ్ళు.

ఐస్‌క్రీంకు పార్సిలు అంత మంచిది కాదు. మా ఎండకు దారిలో సగం కరిగి, ఇంట్లో ఫ్రిజ్‌లో మళ్ళీ గడ్డకడితే లోపల మంచు పలుకులు పడతాయి. దీన్ని మేం హీట్ షాక్ అంటాం. తిన్నవాడికి ఇసుక నమిలినట్టుంటుంది, పేరు పోయేది చేసినవాళ్ళది. మంచి ఐస్‌క్రీం తినాలంటే షాపు దగ్గరే కూర్చుని తినాలి. మరి ఆ బజారులో ఎవరు కూర్చుంటారు?

అలా అవస్థపడుతుండగా ఒకరోజు శెట్టిగారు పిలిచారు.

“సుజాతమ్మా, చెప్పటానికి మనసొప్పటంల్యా. ఈ వరసంతా కలిపి కొంటామని ఒక పార్టీ వచ్చింది. గోడౌన్లు కడతారంట. అందరూ సరేనన్నారు. నాది నడిమధ్య షాపు. నేనొక్కణ్ణి కాదంటే ఏం బాగుండిద్ది? ఎండాకాలం అయిపోయాక నువ్వు ఇంకో చోటు చూసుకో.”

మిషను కింద దిమ్మె కట్టించిన సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది. మా ఆయన “ఇంకో ఊరు చూద్దాంలే” అన్నాడు గానీ ఆ మాటలో పస లేదు. షాపు మెట్టు మీద కూలబడ్డాను. అంతా వింటూనే ఉన్న మస్తానమ్మ సూది ఆపలేదు.

“ఏందే పిల్లా, ఎండాకాలం అయిపోయిందా ఇప్పుడు? ఇంకా మొదలే గదా. ముందు జనాన్ని కూకోబెట్టు. పేట జనం ఒకసారి కూకుంటే లెగరు.”

“ఎక్కడ కూర్చోబెట్టేది అత్తా? అరుగులు కాలిపోతున్నాయి.”

ఆమె గడ్డంతో శెట్టిగారి కొట్టువైపు చూపించింది. “ఆ గోతాలు ఎలకలకి పెట్టుకుంటన్నాడు. అడుగు. పందిరి కట్టి తడిపితే చల్లగా ఉండిద్ది. కూలర్లు రాకముందు మనం బతకలా?”

“నువ్వే అడగొచ్చు గదా.”

“నేను మాట్టాడను. పని ఆపేసిన రోజున ఒక్క మాట చెప్పలా. డబ్బనం పట్టుకుని పొద్దున్నే వస్తే కొట్టు మూసుంది. చెప్పి ఉంటే నేనేమన్నా ఏడ్చేదాన్నా?”

కాబట్టి నేనే అడిగాను. శెట్టిగారు కాసేపు గొణిగి, “ఎటూ అమ్మేసేదే గదా, తీసుకో” అన్నారు. మస్తానమ్మ సంచులు విప్పి అతికి, రెండు షాపుల ముందు అరుగులను కప్పేంత పందిరి కుట్టింది. మిగిలిన వాటిలో పాత గుడ్డలు కూరి కూర్చునే దిండ్లు చేసింది. మేం చెత్త ఎత్తి పోశాం. మున్సిపాలిటీ పనివాళ్ళను బతిమాలితే వచ్చి కాలవ తీసి సున్నం చల్లారు. వాళ్ళకు పెట్టిన ఐస్‌క్రీమే ఆ పందిరి కింద మా మొదటి బోణీ. మధ్యాహ్నం పందిరికి నీళ్ళు కొడితే, వడగాలి దానిలోంచి చల్లబడి వచ్చేది. తడి గోనె వాసన బజారంతా కమ్ముకునేది. ఆ వాసనకు శెట్టిగారు కొట్టు లోపల్నుంచి కుర్చీ బయటికి జరుపుకున్నారు.

ఇక ఐస్‌క్రీం సంగతి. మస్తానమ్మకు మొట్టమొదట వెనీలా పెట్టాను. రుచి చూసి మొహం చిట్లించింది.

“సబ్బు వాసనొస్తందే!”

“మరి నీకు ఏం కావాలి?”

“పనైపోయినాక మేమంతా ఇక్కడ వేయించిన వేరుశెనగ్గుళ్ళు, బెల్లంముక్క నోట్లో ఏసుకునేవాళ్ళం. అంతకు మించిన రుచి నాకు తెలవదు.”

సరే చేద్దామనుకున్నాను. ప్లాంటులో మేం ఎప్పుడూ బెల్లం జోలికి పోలేదు. బెల్లంలో పులుపు గుణం ఉంటుంది, వేడి పాలల్లో పడితే విరుగుతాయి. మొదటిసారి అలాగే విరిగింది. ఆ విరిగినదాన్ని మస్తానమ్మ “పాలకోవాలాగుంది” అని ఇంటికి పట్టుకుపోయింది. తర్వాత బెల్లాన్ని విడిగా కరిగించి, వడకట్టి, పూర్తిగా చల్లార్చి కలిపాను. అదీ మిశ్రమం ఏజింగ్ అయ్యాక. ఏజింగ్ అంటే, కాచిన పాల మిశ్రమాన్ని చల్లగా కొన్ని గంటలు కదలకుండా ఉంచడం. అప్పుడే మీగడ బాగా పట్టి నున్నగా వస్తుంది. చిలికేటప్పుడు గాలి ఎంత చేరాలన్నదాన్ని ఓవర్‌రన్ అంటారు. దీనికి గాలి తక్కువ పెట్టాను, వేరుశెనగ పలుకు పంటికి గట్టిగా తగలాలని.

శెట్టిగారు “నాకు షుగరమ్మా, ఒక్క చెంచా చాలు” అన్నారు. తిని కాసేపు ఆలోచించి, “ఒక చెంచాకు రుచి సరిగ్గా తెలియటంల్యా” అని ఇంకో చెంచా అడిగారు. మూడోది నేనివ్వలేదు. ఇప్పటికీ ఆ మాటెత్తి దెప్పుతుంటారు.

మొదట జనం ఇద్దరూ ముగ్గురూగా వచ్చారు. తర్వాత కుటుంబాలతో వచ్చారు. ఆడవాళ్ళు దిండ్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి, పిల్లల్ని బజారులోకి వదిలేసేవాళ్ళు. అరుగు మీద పాతకాలం మాటలు సాగేవి. కోటప్పకొండ తిరునాళ్ళకు ఊళ్ళవాళ్ళు అలంకరించి తీసుకెళ్ళే ప్రభల్లో ఎవరిది ఎంత ఎత్తన్న వాదన ఒకసారి మొదలైతే రెండో కప్పు తిన్నా తేలేది కాదు. పూలమ్మే ఒకామె, వేడివేడి బజ్జీలు వేసే ఒకతను మూసిన షట్టర్ల ముందు చేరారు. అయినా శెట్టిగారు అమ్మకం మాట వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఆఖరి మాట అనేస్తారేమోనని భయం.

మే నెలాఖరులో ఒక సాయంత్రం ఈపూరు వైపు రైతు ఒకాయన భార్యాపిల్లలతో వచ్చాడు. బెల్లం ఐస్‌క్రీం తింటూ తింటూ తన కింది దిండును గిల్లి చూశాడు. పైన పందిరి చూశాడు. లేచి శెట్టిగారి గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

“ఏమండీ, ఇవి అసలు జనపనార గోతాలేనా? విత్తనం వేరుశెనక్కాయకి ప్లాస్టిక్ సంచులు పనికిరాటంల్యా, ఉక్కకి బూజు పడతంది. ఎట్టా ఇస్తారు?”

శెట్టిగారు లేచి నిలబడ్డారు. పంచె సర్దుకున్నారు. ధర అడిగినవాళ్ళు లేక, ఆయన ధర చెప్పడమే మరిచిపోయారు. “రేటు… రేటంటే… రేపు చెప్తానయ్యా” అన్నారు.

అరుగు చివర మస్తానమ్మ సూది కింద పెట్టింది.

“రేపేంది శెట్టిగారూ! గుమ్మంలోకొచ్చిన బేరాన్ని రేపు రమ్మంటారా? ముందు సంచి ఇప్పి చూపిచ్చండి. చిరుగులుంటే నేను కుట్టిస్తా.”

ఆయన బేరం మాటే మరిచిపోయి ఆమెవైపు తిరిగారు. “నువ్వు నాతో మాట్టాడతావా మస్తానూ?”

“బేరం పోతంటే మాట్టాడనా?”

సంచులు బయటపడ్డాయి. రైతు ఒక్కోటీ దులిపి, వెలుతురుకు పట్టి, బేరమాడి మరీ తీసుకున్నాడు. ఆ రోజు శెట్టిగారు ఆడిన బేరం చూడాలి! పది మాటల్లో తేలేదాన్ని కావాలనే సాగదీశారు. రైతు వెళ్ళాక ఆయన అరుగు మీదికి వచ్చి, మస్తానమ్మకు కాస్త దూరంలో కూర్చుని మెల్లగా అన్నారు. “ఆనాడు మీ అందరికీ చెప్పటానికి మొహం చెల్లలా. అందుకే పొద్దున్నే కొట్టు తియ్యలా.” ఆమె దారం పళ్ళతో తెంపుతూ, “తెలుసులే. అయినా చెప్పాల్సింది” అంది. అంతే.

కొనుగోలు పార్టీ మనిషి బ్రోకరుతో వచ్చిన రోజు శెట్టిగారు గొట్టం పట్టుకుని పందిరి తడుపుతున్నారు. వాళ్ళ కారు బజారులోకి రావడానికి దారిలేదు, అన్నీ జనం బండ్లే. నడిచి వచ్చినవాళ్ళను దిండ్ల మీద కూర్చోబెట్టి, నాతో రెండు కప్పులు ఇప్పించి, “ఇవి తినండి బాబూ. సంతకం మాట మాత్రం ఎత్తమాకండి” అన్నారు. కప్పులిచ్చి వచ్చి లోపల గిన్నెలు కడుగుతున్న నేను కుళాయి కట్టేసి విన్నాను. చేతులు తుడుచుకోవడం మరిచిపోయి మా ఆయనకు ఫోన్ చేశాను.

అందరూ సంతోషించలేదు. నడిమధ్య షాపు లేకపోతే గోడౌన్లకు వీలుకాదని ఆ పార్టీ తప్పుకుంది. మా వరసలోనే ఇంకో షాపు యజమాని వచ్చి, “నీ ఐస్‌క్రీం మూలాన మా నోటికాడ కూడు పోయింది” అని నామీద కేకలేశాడు. ఆయన బాధ ఆయనది. కానీ ఆ దసరాకు ఆయన కోడలే ఆ షాపు తెరిచి గాజులు పెట్టింది. ఇప్పుడు ఆయన సాయంత్రాలు అక్కడ కూర్చుని, మా గిరాకీలను “గాజులు చూసిపొండమ్మా” అని పిలుస్తుంటాడు.

ఇప్పటికీ కొన్ని షట్టర్లు దించే ఉన్నాయి. బండ్లు పెట్టే దగ్గర రోజూ ఏదో ఒక తగాదా. మస్తానమ్మ పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చేరి విత్తనం సంచులు, కూరగాయల సంచులు కుడుతున్నారు.

చనిపోయిన బజారును ఐస్‌క్రీం బతికించిందని కొందరు నాతో అంటుంటారు. నాకలా అనిపించదు. నేను చేసిందల్లా నలుగురు కాసేపు కూర్చునే వీలు కల్పించడం. ఆ బజారును అప్పటిదాకా వదలకుండా పట్టుకుని ఉన్నవాళ్ళు నాకంటే ముందే అక్కడ ఉన్నారు.

ఈమధ్య మాచర్ల నుంచి కొత్తగా పెళ్ళైన ఒక జంట ఐస్‌క్రీం షాపు పెడతామని సలహాకు వచ్చారు. ఒక పాత బజారులో గది దొరికిందట. “ఏ మిషను కొనమంటారక్కా?” అని అడిగారు.

“మిషను సంగతి తర్వాత మాట్లాడుకుందాం” అన్నాను. “ముందు ఆ బజార్లో పొద్దున్నే ఎవరు తలుపు తీస్తున్నారో చూసి, వాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని రండి.”