నలుగురికీ ఒకే వదులు

మా అమ్మమ్మ ఆండాలు సూది పట్టి ఉండకపోతే సూర్యాపేటలో సగం మంది ఇప్పటికీ మోదుగాకులు చుట్టుకొని తిరుగుతుండేవారు. మిగతా సగం మంది బట్టలైతే వేసుకునేవారు గానీ, అవి చూసి గొర్రెలు నవ్వేవి. సాక్ష్యం కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి. ఆమె వినేటట్టు అడగండి, అప్పుడే అందరూ ఒప్పుకుంటారు.

ఆమె పుట్టింది మోతెలో, గొర్రెలు కాసే ఇంట్లో. పెళ్లయి సూర్యాపేట వచ్చాక మిషను నేర్చుకుంది. నలభై ఏళ్లుగా మెడలో టేపు వేలాడుతూనే ఉంది గానీ అది గౌరవం కోసమే. కొలత మాత్రం జానతోనే. ఏం కుట్టినా కుట్టు లోపల మూడు వేళ్ల గుడ్డ మడిచి పెడుతుంది. "మనిషి ఇయ్యాల ఉన్నట్టు రేపుండదు బిడ్డా," అంటుంది.

కిందటి చలికాలం పక్కింటి ఉప్పలయ్య బిడ్డ ఉమారాణికి పెళ్లి కుదిరింది. మాఘమాసంలో, మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో. దానికి రెండు నెలల ముందే ఆమె నలుగురు స్నేహితురాళ్లను వెంటేసుకొని వచ్చి, ఫోను అమ్మమ్మ ముక్కు ముందు పెట్టింది. అందులో అమ్మాయిలంతా ఒకే రంగు గౌన్లలో ఉన్నారు. గౌన్లు ఒంటికి అతికించినట్టున్నాయి, వెనక గజం గుడ్డ నేలమీద పరుచుకొని ఉంది.

"మా దోస్తులు నా పక్కన గిట్ల నిలబడాలె అమ్మమ్మా."

"ఎనక గా తోక దేనికే? ఫంక్షన్ హాల్ల ఊడ్సెటోళ్లు లేరా?"

"ఫొటోల మంచిగుంటది."

"ఫొటో దిగినంక? మళ్ల ఎప్పుడు తొడుగుతరు?"

మిర్యాలగూడలో బ్యాంకు ఉద్యోగం చేసే అశ్విని, "నా బీరువల గిసొంటియి మూడున్నయి," అని గొణిగింది.

అనంతగిరికి కోడలుగా వెళ్లిన సరిత గోడకు ఆనుకొని ఉంది. "నేను తొడగ ఉమా. చీర కట్టుకొని ఎనక కుర్సీల కూసుంట."

ఉమారాణి ముఖం చిన్నబోయింది. ఒకటో తరగతి నుంచి ఆ ఇద్దరిదీ ఒకే బెంచీ. కిందటేడు సరిత పెళ్లిలో ఉమారాణి మూడు రోజులు ఆమె పక్క వదలలేదు. "పెండ్లయినంక నీకు నేను పరాయిదాన్నైన," అని ఇప్పుడు ఉమారాణి కళ్లు తుడుచుకుంది. "నువ్వు పక్కకు లేకుంటె నేను పీటల మీద కూసోను." సరిత తల వంచుకుందే గానీ కారణం చెప్పలేదు.

"కూసునుడు, నిలబడుడు తర్వాత. ముందు కొలతలియ్యిండ్రి," అని అమ్మమ్మ లేచింది.

ముగ్గురి కొలతలు చకచకా అయ్యాయి. సరిత నడుము దగ్గర జాన ఆగింది. ఆ పిల్ల పెళ్లి జాకెట్లు కుట్టింది అమ్మమ్మే, ఆ నడుము ఆమె చేతికి గుర్తే. తలెత్తి చూస్తే, సరిత ఊపిరి బిగబట్టి, కళ్లతోనే వద్దని బతిమాలుతోంది. మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి ఎవరికీ చెప్పొద్దని మా వైపు కట్టుబాటు. అత్తగారు మరీ గట్టిగా చెప్పి పంపినట్టుంది. పెళ్లినాటికి ఐదో నెల. ఆ గౌనులో దాగేదా, పట్టేదా?

అమ్మమ్మ సుద్దముక్క చెవిమీద పెట్టుకొని తీర్పు చెప్పింది. "గౌన్లు మీ ఒడ్డు పొడుగుకు కుదరయి. నాడా లంగ, మోకాళ్ల దాక వదులు అంగి, మీదికెల్లి ఓణి. మూడు ముక్కలు. ఎట్లంటె అట్ల తొడుగొచ్చు."

"ఆఫీసుకు గూడనా?" అంది అశ్విని.

"లంగ ఇడిసి ప్యాంటేస్కో. అంగి గదే."

"బతుకమ్మకు?"

"అంగి ఇడిసి జాకెటేస్కో. లంగ, ఓణి గవే."

ఉమారాణి మూతి ముడిచింది. "వదులంటె బస్తల లెక్క ఉంటది అమ్మమ్మా."

"ఒక్కతి తొడిగితె బస్త. నలుగురు తొడిగితె ఫ్యాషన్. సరితా, గిదైతె తొడుగుతవా?"

సరిత తలూపింది. ఉమారాణి మళ్లీ బస్తాల ఊసెత్తలేదు.

బట్టకు కోదాడ వెళ్లారు. దుకాణదారు అద్దాలవీ తళుకులవీ పరిచాడు. "పెళ్లికండీ, ఇంత సాదా బట్ట తీసుకుంటారేంటండీ?"

"పెండ్లి ఒక్క దినమే నాయనా. గా తళుకులు ఇస్త్రీపెట్టెకు అంటుకుంటె నువ్వొచ్చి గోకుతవా?" అని అమ్మమ్మ నెమలికంఠం రంగు సాదా బట్ట కోయించింది. ఓణీలకు మాత్రం సన్నటి జరీ అంచు ఒప్పుకుంది.

అశ్విని వెదురుబద్దలాంటి మనిషి. ఆమె అంగీలో ఇంకో అశ్విని పట్టేది. మొదటిసారి తొడిగి చూసిననాడు అద్దం ముందు గిర్రున తిరిగి, "అమ్మమ్మకు సూపు తగ్గింది," అని నవ్వింది. నలభై ఏళ్లలో ఆ మాటన్నవాళ్లు లేరు. అమ్మమ్మ నోట్లో గుండుసూదులున్నట్టు పెదాలు బిగించి ఊరుకుంది. ఒక్క అంగీ బిగిస్తే సరిత అంగీ ఎందుకు వదులో లోకమంతా అడుగుతుంది మరి.

చివరిసారి తొడిగి చూసే నాటికి సరితకు నాలుగో నెల పడింది. మా వాకిట్లోనే సరిత ఉమారాణి చెవిలో సంగతి చెప్పింది. ఉమారాణి వేసిన కేకకు వీధి చివర పడుకున్న కుక్క లేచింది. లోపలికి ఉరికొచ్చి అమ్మమ్మను మిషనుతో సహా వాటేసుకుంది.

"నీకు గా దినమే ఎర్కనా?"

"ఏది? జరుగు, సూది ఇరుగుతది."

పెళ్లిలో పూలదండల పళ్లెం సరిత చేతిలోనే ఉంది. పీటల మీద ఉమారాణి పంతులు మాట వినడం మానేసి ఆమెతో గుసగుసలాడుతూనే ఉంది. మగపెళ్లివారి ఆడవాళ్లు అంగీల అంచులు తిరగేసి, కుట్టిందెవరని ఆరా తీశారు. సోమవారం అశ్విని ఆ అంగీతోనే బ్యాంకుకు వెళ్లింది. సరిత శ్రీమంతానికి నలుగురూ మళ్లీ అవే తొడిగారు. ఆ రోజుకు సరిత అంగీ కుట్టులో దాచిన మూడు వేళ్ల గుడ్డా బయటికొచ్చింది.

శ్రీమంతం నుంచి వస్తూ బస్సులో అడిగాను. "గా దినమే నాకన్న చెప్తె ఏమైతుండె అమ్మమ్మా? నీ సొంత మనుమరాలినే గద."

"నీకు చెప్తె సూర్యాపేటల తిరుమలగిరి బస్సు కదలకముందే తిరుమలగిరిల ఎర్కయితుండె," అంది.