కాంపౌండర్ తాత చాచిన చెయ్యి

కొత్త సిరంజి కవరు చింపితే చిన్న చప్పుడొస్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని కనుక రోజంతా అది వింటూనే ఉంటాను. అయినా ఒక్కోసారి ఆ చప్పుడుకి కాంపౌండర్ తాత గుర్తొచ్చి నా చెయ్యి ఆగిపోతుంది. ఆయన కాలంలో చింపడానికి కవర్లు లేవు. ఒక గాజు సిరంజి, రెండు సూదులు, స్టవ్ మీద నీళ్ళ గిన్నె, అంతే.

ఆయన పేరు అప్పలస్వామి. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి స్థిరపడిన మా చేపలవాళ్ళ బస్తీకి డాక్టరూ నర్సూ అన్నీ ఆయనే. మావాళ్ళకి సూది పొడవని వైద్యం వైద్యమే కాదు. మాత్ర ఇస్తే మొహం మాడ్చుకునేవారు. చిన్నప్పుడు సూదికి భయపడి నేను ఏడుస్తుంటే, కళ్ళు మూసుకుని సముద్రంలో ఎన్ని బోట్లున్నాయో చెప్పమనేవాడు. కళ్ళు మూసుకుంటే బోట్లెలా కనిపిస్తాయని నేను ఆలోచించేలోపే సూది దిగిపోయేది. ఆడపిల్లకి ల్యాబ్ చదువెందుకన్న మా నాన్నని ఒప్పించిందీ ఆయనే.

కొన్నేళ్ళ క్రితం మా బస్తీలో హెపటైటిస్ సి పరీక్షల క్యాంపు పెట్టాం. ఆ వైరస్ లివర్‌లో ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా ఉంటుంది. మాత్రలతో నయమవుతుంది, కానీ ముందు పరీక్షకి, మావాళ్ళ మాటలో జాంచ్‌కి, రావాలి కదా! ఒక్కరూ రాలేదు. కడుపులో నీరు చేరుతుందనీ, ప్రాణం మీదకొస్తుందనీ ఇంటింటికీ తిరిగి భయపెట్టాను. చివరికి, తాతని అన్నయ్యా అని పిలిచే మా అమ్మే అసలు సంగతి బయటపెట్టింది.

“పాత సూదులవల్ల కూడా వొస్తాదని నువ్వే సెప్పినావు. ఆ సూదులెవరివి? నీ తమ్ముణ్ణి బతికించిన సెయ్యది. జాంచ్‌కొస్తే అన్నయ్యని తప్పు పట్టినట్టే. నాను రాను.”

బస్తీ అంతా అదే మాట మీద ఉంది. నాకు కోపమూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. వేరే దారి లేక ఆయన దగ్గరికే వెళ్ళి చెప్పేశాను. జ్వరాల రోజుల్లో జనం ఎక్కువైతే సూదిని ఉడకబెట్టకుండా వేణ్ణీళ్ళలో ముంచి తీసేవాడినని ఆయన నెమ్మదిగా చెప్పాడు. అంత పెద్దమనిషి నా ముందు తప్పు ఒప్పుకుంటుంటే చూడటం నావల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని క్యాంపుకొచ్చి, అందరూ చూస్తుండగా స్టూలు మీద కూర్చుని చెయ్యి చాచాడు. అమ్మ లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఉంది.

“సెల్లీ, నా సూదే మీకిది అంటించిందేమో. తప్పు నాదే. మీరు జాంచ్ సేయించుకోకపోతే ఆ తప్పు ఇంకా పెరుగుతాది. నా మీద గౌరవముంటే రండి” అన్నాడు.

సాయంత్రానికల్లా వరుస వీధి చివరిదాకా పోయింది. ఆయనకి ఏమీ లేదని తేలింది. అమ్మకి ఉందని తేలింది. ఆమెకి ఉండి తనకి లేదన్న మాట విని ఆయన ఏడ్చాడు. అమ్మ మందు వాడిన మూడు నెలలూ రోజూ పొద్దున్నే వచ్చి, ఆమె మాత్ర మింగేదాకా కూర్చునేవాడు. బస్తీలో ఒకడు ఆయన్ని దారిలో ఆపి, ఆ సూదుల గురించి నానా మాటలూ అన్నాడు. అన్నీ తలొంచుకుని విని, “నువ్వు జాంచ్ సేయించుకున్నావా, నాయనా?” అని మాత్రం అడిగాడు.

అమ్మకి పూర్తిగా నయమైంది. తాత పోయి రెండేళ్ళవుతోంది. ఉత్తరాన దూరంగా ఉన్న డిగ్లీపూర్ వైపు క్యాంపులకి వెళ్ళినా, ఇక్కడే పోర్ట్‌బ్లెయిర్‌లో బతు బస్తీ అనే పేటలో అయినా పరీక్షకి వెనకాడేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. ఇప్పుడు వాళ్ళని భయపెట్టను. పక్కన కూర్చుని, ఎవరి పరువు కాపాడటానికి ఆగిపోయారని అడుగుతాను.